చవితి పత్రితో కషాయం కాచుకుని తాగిన మా మేనత్త ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఆకుల్లో అసలు ఏముంటుంది?

ఏటిగట్టు_వాసి
మాది ముమ్మిడివరం వైపు గౌతమి ఒడ్డున ఉన్న ఊరు. వినాయక చవితి వెళ్లిన మూడో రోజున మా ఇంట్లో జరిగినది రాస్తున్నాను. తెలిసినవారు వివరంగా చెప్పండి. మా మేనత్తకు అరవై రెండేళ్లు. "ఇరవై ఒక్క పత్రీ ఔషధమే, పూజ అయ్యాక పారేయకుండా కషాయం కాచి తాగితే ఏడాదంతా రోగం దరి చేరదు" అనే సందేశం ఆవిడ ఫోనుకు వచ్చింది. దేవుడి దగ్గర నుంచి తీసిన పత్రిని నీడన ఆరబెట్టి, రెండు గుప్పిళ్లు గిన్నెలో వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, బెల్లం కలుపుకుని ఒక గ్లాసు తాగారు.

దీపాలు పెట్టే వేళకు నోరు పిడచకట్టుకుపోతోందని చెంబు తరువాత చెంబు నీళ్లు తాగారు. తరువాత చాప మీద కూర్చుని గాలిలోంచి పూలు ఏరి, లేని దారానికి ఒక్కొక్కటే ముడివేస్తూ దండ కట్టడం మొదలుపెట్టారు. ఆరేళ్ల కిందట పోయిన మావయ్యకు అన్నం వడ్డించమని కోడలిని కేకలేశారు. ఒళ్లు కాలిపోతోంది, కానీ చుక్క చెమట లేదు. కళ్లలో నల్లటి పాప తప్ప మరో రంగు కనబడలేదు. ఆసుపత్రిలో డాక్టరు గారు "ఏ ఆకు తిన్నారు?" అని అడిగారు. "పత్రి" అన్నాం. "ఏ పత్రి?" అని మళ్లీ అడిగితే మా ఇంటిల్లిపాదిలో ఒక్కరమూ చెప్పలేకపోయాం.

రెండు రోజులకు కోలుకున్నారు. ఆ రాత్రి సంగతి ఆవిడకు ఒక్కటీ గుర్తు లేదు. దేవుడికి పెట్టిన ఆకు హాని చేయదని ఇంట్లో పెద్దలు ఇప్పటికీ వాదిస్తున్నారు. ఆ పత్రిలో ఏది ఏం చేయగలదో చెప్పండి.

రసాయనం_మాస్టారు
ముప్ఫై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు రాసిన లక్షణాలు చదవగానే నాకు తోచినది ఉమ్మెత్త. పూజలో "దత్తూర పత్రం సమర్పయామి" అంటామే, అదే. ఆ ఇరవై ఒక్కటిలో తులసి, మామిడి, రేగు, దానిమ్మ, ఉత్తరేణి వంటివాటి నడుమ జాగ్రత్తగా చూడవలసినవి మూడున్నాయి. దత్తూరమంటే ఉమ్మెత్త, కరవీరమంటే గన్నేరు, అర్కమంటే జిల్లేడు.

ఉమ్మెత్త మొక్కలో వేరు నుంచి గింజ దాకా ప్రతి భాగంలోనూ అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే ఆల్కలాయిడ్లు (మొక్కలు తయారుచేసే, ఒంటి మీద గట్టిగా పనిచేసే పదార్థాలు) ఉంటాయి. మన నరాల కొసల నుంచి అసిటైల్‌కోలిన్ అనే పదార్థం వెలువడి గ్రంథులకు, కండరాలకు, మెదడుకు కబురు చేరవేస్తుంది. దాన్ని అందుకునే గ్రాహకాల్లో మస్కరినిక్ రకం అనేది ఒకటుంది. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లు ఆ గ్రాహకాల్లో తాము కూర్చుని కబురును లోపలికి రానివ్వవు. లాలాజలం ఊరే కబురు ఆగితే నోరు ఎండుతుంది, చెమట కబురు ఆగితే ఒళ్లు కాలుతుంది, కంటిపాపను ముడిచే కబురు ఆగితే పాప విచ్చుకుని వెలుతురు భరించలేనిదవుతుంది, గుండెను నెమ్మదింపజేసే కబురు ఆగితే నాడి పరుగెడుతుంది. మెదడులో ఆగినప్పుడు మనిషి లేనివాళ్లతో మాట్లాడతాడు, గాలిలో వస్తువులు ఏరుతాడు. మీ మేనత్తగారు కట్టిన పూలదండ అదే. జ్ఞాపకం నిలవకపోవడానికి ముఖ్యంగా స్కోపోలమిన్ కారణం.

మరిగిస్తే విషం పోతుందని చాలామంది నమ్ముతారు. ఈ ఆల్కలాయిడ్లు వేడినీళ్లలోకి చక్కగా దిగుతాయి, మరుగుకు నశించవు. కాబట్టి కషాయమంటే ఆకులో ఉన్నదాన్ని గ్లాసులోకి తెచ్చుకోవడమే. మరో చిక్కు ఏమిటంటే ఏ మొక్కలో, ఏ భాగంలో, ఏ నెలలో ఎంత ఉంటుందో చూసి చెప్పలేం. ఒకే గట్టు మీది రెండు మొక్కలు కూడా సమానంగా ఉండవు.

వడకట్టాక మిగిలిన పిప్పి ఎక్కడైనా ఉంటే పారేయకుండా చూడండి. రుచి మాత్రం చూడవద్దు.

దాళ్వా_సార్వా
మాస్టారి మాట కాదనడం లేదు కానీ, మా నాయనమ్మ ఉబ్బసానికి ఎండు ఉమ్మెత్త ఆకును చుట్టలా చుట్టి పొగ పీల్చేది. ఎనభై ఏళ్లు బతికింది, ఒక్కనాడూ పిచ్చిగా మాట్లాడలేదు. ఒక్క సంఘటన చూసి మొక్కనే విషమనడం నాకు సబబుగా తోచడం లేదు.

నర్సమ్మ_రాజోలు
ఇరవై రెండేళ్లుగా నర్సును. మాస్టారు చెప్పిన అట్రోపిన్ మాకు రోజువారీ మందు. చేలో పురుగుమందు కొట్టి వాసన పట్టినవాళ్లు, మనసు విరిగి తాగేసినవాళ్లు మా దగ్గరకు వస్తారు. ఆ మందుల్లో చాలావాటిలో ఆర్గానోఫాస్ఫేట్లు ఉంటాయి. అవి ఒంట్లో అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును పనిచేయనివ్వవు. అప్పుడు మీ మేనత్తగారికి జరిగిన దానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. నోట్లోంచి నురుగు, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురగుర, కంటిపాప గుండుసూది మొనంత.

ఒక సార్వా కాలంలో అర్ధరాత్రి ముప్ఫై ఏళ్ల రైతును మంచం మీద మోసుకొచ్చారు. డాక్టరు గారు అట్రోపిన్ మొదలుపెట్టమన్నారు. కొద్ది నిమిషాలకొకసారి మోతాదు పెంచుతూ, నాడి, పాప, ఊపిరి చప్పుడు కాగితం మీద రాస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున ఆయన చంక తడిమి చూస్తే పొడిగా ఉంది. మందు సరిపడా పనిచేసిందనడానికి ఆ పొడిదనం మాకు ఒక గుర్తు. అదే పొడిదనం మీ మేనత్తగారికి ప్రాణం మీదకు వచ్చింది. మా చేతిలో ఉన్నది ఆంపూలు అనే చిన్న మందు బుడ్డి, దాని మీద మిల్లీగ్రాములు అచ్చువేసి ఉంటాయి. ఆవిడ చేతిలో ఉన్నది రెండు గుప్పిళ్లు.

ఇంకో మాట. గన్నేరు కూడా ఆ గిన్నెలో పడి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. గన్నేరు గుండె మీద పనిచేస్తుంది, నాడిని నెమ్మదింపజేసి లయ తప్పిస్తుంది. ఉమ్మెత్త నాడిని పరుగెత్తిస్తుంది. రెండూ కలిస్తే నాడి పట్టుకుని ఏ ఆకో చెప్పడం ఎవరి తరమూ కాదు. డాక్టరు గారు "ఏ పత్రి?" అని రెండుసార్లు అడిగింది అందుకే.

రసాయనం_మాస్టారు
దాళ్వా_సార్వా గారూ, మీ నాయనమ్మగారి వైద్యం వట్టి నమ్మకం కాదు. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే ఇంగ్లండుకు చేరింది. ఆ తరువాత నూరేళ్లకు పైగా అక్కడి మందుల దుకాణాల్లో ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. ఊపిరి గొట్టాలను బిగించే కబురు కూడా మస్కరినిక్ గ్రాహకాల ద్వారానే వెళుతుంది కనుక, అట్రోపిన్ దాన్ని ఆపితే గొట్టాలు వదులవుతాయి. ఈనాడు ఇన్‌హేలర్లలో వాడే ఇప్రాట్రోపియం ఆ అట్రోపిన్‌ను మార్చి తయారుచేసినదే. మెదడులోకి దాదాపు చొరబడకుండా దాని నిర్మాణాన్ని మార్చారు. దానిలో మీ నాయనమ్మగారికి దక్కిన మేలు ఉంది, మనిషి మతి తప్పే ప్రమాదం దాదాపు లేదు. పొగగా పీల్చినప్పుడు ఒంట్లోకి చేరేది కొంచెం, కషాయంగా తాగితే చేరేది చాలా ఎక్కువ. ఆవిడ క్షేమంగా ఉండడానికి ఆ తేడా కూడా కారణం కావచ్చు.

పల్లె_వైద్యుడు
ఆయుర్వేదం చదువుకుని కోనసీమలోనే వైద్యం చేస్తున్నాను. ఈ సందేశాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చివరికి మాట పడేది మా శాస్త్రమే. పత్రి పూజకు చెప్పినది, పానానికి చెప్పినది కాదు. మా గ్రంథాలు ఉమ్మెత్తను, గన్నేరును, జిల్లేడును, గురివిందను, ముషిణి గింజను ఉపవిషాల్లో చేర్చాయి. వాటిని మందులో వాడాలంటే ముందు శోధన, అంటే విషం తగ్గించే శుద్ధి, చేయాలి. ఉమ్మెత్త గింజలను పలుచని గుడ్డలో మూటకట్టి, పాలలో వేలాడదీసి ఉడికించి, కడిగి, ఎండబెట్టి, పై పొట్టు తీసిన తరువాతే కొలత ప్రకారం మందులో చేరుస్తాం. అంత తతంగం చెప్పిన పెద్దలకు ఆ గింజ ఏమిటో తెలుసు. "అన్నీ కలిపి మరిగించు" అన్నవాడికి తెలియదు.

గోదారి_గాలి
మరి డబ్బా మందులకు దుష్ఫలితాలు లేవా? చెట్టు మందును మాత్రమే బోనులో నిలబెట్టడం న్యాయంగా లేదు.

పల్లె_వైద్యుడు
బోనులో నిలబెట్టడం లేదండీ, దానికి ఉన్న బలాన్ని ఒప్పుకుంటున్నాను. పాతాళగంధి వేరు ఉంది, సంస్కృతంలో సర్పగంధ అంటారు. నిద్ర పట్టనివారికి, ఉన్మాదానికి మనవాళ్లు తరాలుగా ఇచ్చారు. రుస్తుం జాల్ వకీల్ అనే బొంబాయి వైద్యుడు అది రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను విడదీశారు, ప్రపంచమంతా వాడింది. తరువాత కొందరు రోగులు దిగులులో కూరుకుపోవడం వైద్యులు గమనించారు. నాడీకణాల్లో కబురు మోసే సెరటోనిన్, డోపమిన్, నారడ్రినలిన్ నిల్వలను రిసర్పిన్ ఖాళీ చేస్తుంది. మేలు చేసిన అణువే ఆ దిగులుకూ కారణమన్నారు. చెట్టులో ఉన్నా బిళ్లలో ఉన్నా ఆ అణువు చేసే పని ఒకటే.

కడియం_మొక్కలు
మా నర్సరీలో నాకు రోజూ ఎదురయ్యే చిక్కు పేర్లది. "గన్నేరు ఇవ్వండి, చక్కెర వ్యాధికి ఆకు నమలాలట" అని వస్తారు. ఏ గన్నేరు అని అడిగితే "అదేనండీ, గులాబీ రంగు పువ్వు" అంటారు. వాళ్లు విన్నది బిళ్ళ గన్నేరు గురించి. అది కుండీలో మోకాలెత్తు పెరిగే మొక్క, ఐదు రేకల బిళ్లలాంటి పువ్వు. మామూలు గన్నేరు మనిషికన్నా ఎత్తు పెరుగుతుంది, కత్తిలాంటి సన్నని ఆకులు కణుపుకు మూడేసి వస్తాయి, తుంచితే పాలు కారతాయి. దానిలో ఒలియాండ్రిన్ అనే గుండె విషం ఉంటుంది. గంట ఆకారపు పసుపు పూలతో, పలకల కాయతో గోడల పక్కన పెంచే పచ్చ గన్నేరులో అటువంటిదే థెవిటిన్ ఉంటుంది, దాని గింజ ఎన్ని కొంపలు ముంచిందో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. మూడింటి పేరులోనూ గన్నేరు ఉంది, మూడూ ఒకే కుటుంబం, కానీ ఒకదాని బదులు మరొకటి ఇస్తే మనిషి మిగలడు.

అందుకే ఎవరైనా నోట్లో వేసుకోవడానికని మొక్క అడిగితే నేను అమ్మను. నా బేరం పోయినా ఫరవాలేదు.

రసాయనం_మాస్టారు
కడియం వారు చేస్తున్నది మంచి పని. ఆ బిళ్ళ గన్నేరు కథ కూడా ఇక్కడ చెప్పాలి. చక్కెర వ్యాధికి పనికొస్తుందన్న జనవాక్యం విని 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాన్ని పరీక్షించారు. ఎలుకల రక్తంలో చక్కెర చెప్పుకోదగినంత తగ్గలేదు, తెల్ల కణాలు మాత్రం పడిపోయాయి. ఆ దారి పట్టుకుని వెళితే విన్‌బ్లాస్టిన్ దొరికింది, తరువాత మరో బృందం విన్‌క్రిస్టిన్ తీసింది. ఈనాడు పిల్లల రక్త క్యాన్సరుకు ఇచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైనది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏర్పడే సన్నని గొట్టాలను అది కట్టనివ్వదు. అటువంటి ఆకును చక్కెర కోసం పరగడుపున నమలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఫార్మసీ_కుర్రాడు
నాకో సందేహం. మొక్కకు నరాలు లేవు, గుండె లేదు. మన నరాలకూ గుండెకూ సరిపోయే ఈ పదార్థాలను అది ఎందుకు తయారుచేస్తుంది?

లంక_పొగాకు
తమ్ముడి ప్రశ్నకు మాస్టారు సమాధానం చెబుతారు, ఈలోగా నేను కళ్లతో చూసినది రాస్తాను. మాది గోదావరి లంకలో పొగాకు సాగు. వరద తీసి ఒండ్రు మిగిలాక నాట్లు వేస్తాం. పూమొగ్గ వచ్చే వేళకు తలలు తుంచుతాం, ఆ తరువాత వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లేస్తాం. ఆకు మందమై ఘాటెక్కాలంటే అలా చేయాలని మా తాతల నాటి నుంచీ తెలుసు. పువ్వుకు పోవలసిన సత్తువ ఆకుకు పోతుందని అనుకునేవాళ్లం. నికోటిన్ వేళ్లలో తయారై ఆకుకు ఎక్కుతుందని, తల తుంచితే వేరు దాన్ని ఇంకా ఎక్కువ చేస్తుందని రాజమండ్రిలో చదువుకున్న మా అబ్బాయి చెబితే తెలిసింది.

మాఘమాసంలో మంచు ఎక్కువగా పడిన ఒక ఉదయం ఆరుగురు ఆడవాళ్లు ఆకు కోతకు దిగారు. తడి ఆకులను చంకకు ఆనించి మోశారు. రవిక భుజం దాకా నల్లటి జిగురు అంటింది. ఎనిమిది గంటలకల్లా వారిలో చిన్నమ్మాయి గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది, తల తిరుగుతోందంది, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఆ అమ్మాయి జన్మలో చుట్ట ముట్టుకున్నది కాదు. మిగతావాళ్లు దిష్టి అన్నారు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయిందని తరువాత తెలిసింది. అప్పటి నుంచి మంచు ఆరనిదే కోతకు దింపడం లేదు, పొడుగు చేతుల చొక్కాలు నేనే కొనిస్తున్నాను. కూలి గంటలు తగ్గుతాయని పక్క రైతులు నన్ను తప్పుపట్టారు.

రసాయనం_మాస్టారు
లంక రైతు గారి పోస్టు రెండుసార్లు చదివాను. 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టిన ప్రాంతం మనది, అయినా ఆకు కోసే మనిషి చర్మం గురించి మాట్లాడుకున్నది తక్కువ.

తమ్ముడి ప్రశ్నకు సమాధానం కూడా అందులోనే ఉంది. తల తుంచడమంటే మొక్క దృష్టిలో ఏదో జీవి వచ్చి కొరకడం. కొరికితే వేరు నికోటిన్ పెంచుతుంది. మొక్క పారిపోలేదు కనుక తిన్నవాడికి పనిచేసే పదార్థాన్ని ఆకులో దాచుకుంటుంది. నికోటిన్ పట్టుకునేది అసిటైల్‌కోలిన్‌ను అందుకునే మరో రకం గ్రాహకాలను. పురుగు నరాల్లోనూ అసిటైల్‌కోలిన్ ఉంది, మన నరాల్లోనూ ఉంది. మొక్క ఆయుధం పురుగు కోసం, అది మనకూ తగులుతుంది. ఆ కిటుకు చూసే నికోటిన్‌ను పోలిన ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు తయారుచేశారు. మన వరిలో సుడిదోమకు కొట్టినది అదే. మిరపలో క్యాప్సైసిన్ సంగతి మరీ చిత్రం. మన నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని అది మీటుతుంది, అందుకే మంట అంటాం. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ పంచి ఇచ్చారు. పక్షికి మాత్రం ఆ మంట తెలియదు. గింజ నమిలి పాడుచేసే జంతువు దూరంగా పోతుంది, మింగి దూరాన విసర్జించే చిలక దగ్గరకు వస్తుంది.

కొబ్బరి_నీడ
మా కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో ఉంది. ఉడతలు కాయకు కన్నం పెట్టి తియ్యటి గుజ్జు చీకి, గింజను కింద పడేసి పోతాయి. మా కుక్కపిల్లకు ఆ తెలివి లేకపోయింది. పులియబెట్టి ఎండబోసిన గింజలు ఒక పూట కడుపునిండా తిన్నది, రాత్రికి వణుకు, వాంతులు, గుండె దడ, తెల్లారేసరికి పోయింది. గింజలోని థియోబ్రోమిన్‌ను కుక్క ఒళ్లు మనకన్నా చాలా నెమ్మదిగా కరిగిస్తుందని పశువుల డాక్టరు గారు చెప్పారు. గింజలు ఎండబోసే రైతులు దయచేసి చుట్టూ వల కట్టండి.

పెళ్ళివారి_తాంబూలం
ఉమ్మెత్త, గన్నేరు అంటే సరే. ఇదే వరసలో తాంబూలం మీదకు కూడా వస్తారేమో. భోజనం తరువాత ఆకు వక్క సున్నం మన మర్యాద.

నర్సమ్మ_రాజోలు
మర్యాదకు వేసుకునే తాంబూలం మీద నాకు పంతం లేదు, కానీ వక్క సంగతి చెప్పక తప్పదు. వక్కలో అరికోలిన్ ఉంటుంది. ఒంట్లో కొంచెం వేడి పుట్టడం, నోరూరడం, మనసు చురుకవడం దానివల్లే. సున్నం తగిలితే అది అరికైడిన్‌గా మారి మత్తు తీరు మారుతుంది. రోజూ దవడన వక్కపొడి పెట్టుకునేవారి నోటి లోపలి పొర బిరుసెక్కి, నార కట్టి, నోరు తెరుచుకోదు. మా వార్డులో ఒక లారీ డ్రైవరుకు నోట్లో రెండు వేళ్లు పట్టేవి కావు, అన్నం ముద్ద చిదిమి పెట్టుకునేవాడు. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2003లో ప్రకటించింది.

పెళ్ళివారి_తాంబూలం
పొగాకు లేకపోతే ఫరవాలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మా నాన్నగారు రోజుకు పది ప్యాకెట్లు వేస్తారు. రేపే నోరు చూపించడానికి తీసుకువెళతాను.

కోరంగి_పడవ
మడ అడవిలో పీతలు పట్టే మాకు తిల్ల చెట్టు బాగా తెలుసు. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు చిమ్ముతాయి. అవి కంట్లో పడితే కళ్లు వాచి మూసుకుపోతాయి, కొన్నాళ్లు చూపు ఉండదు. మా చిన్నాన్న కత్తితో దారి చేస్తుంటే చుక్క పడింది, వారం పైగా చేయి పట్టుకుని నడిపించాం. కొత్తగా అడవిలోకి వచ్చేవాళ్లకు మేము ముందు చూపించేది పులసల రేవు కాదు, తిల్ల చెట్టు.

గోదారి_గాలి
పల్లె_వైద్యుడు గారూ, పై మాటలన్నీ చదివాక మరొకటి అడుగుతున్నాను. మా అమ్మాయి పరీక్షలకని కాలువ గట్టు మీద దొరికే సరస్వతి ఆకు రోజూ పచ్చడి చేసి పెడుతున్నాం. మానేయాలా?

పల్లె_వైద్యుడు
పచ్చడిగా తినే సరస్వతి ఆకుకు భయపడనక్కర లేదు, కానీ ఏ మొక్క తింటున్నారో చూసుకోండి. సరస్వతి ఆకు గుండ్రంగా, చిన్న కిడ్నీ ఆకారంలో, రంపపు అంచుతో నేల మీద పాకుతుంది. జ్ఞాపకశక్తికి పరీక్షించిన మొక్కల్లో ఎక్కువగా వినబడేది నీటి సాంబ్రాణి, దాని ఆకు చిన్నది, మందంగా, కాడ లేకుండా ఉంటుంది. రెంటినీ బ్రాహ్మి అని పిలిచి జనం కలిపేస్తారు. నీటి సాంబ్రాణిలోని బాకోసైడ్లు అనే పదార్థాల ప్రభావం పన్నెండు వారాలు వాడితే గాని కనిపించదని పరీక్షలు చెబుతాయి, రేపటి పరీక్షకు ఇవాళ తినేది కాదు. మురుగు కాలువ గట్టున కోసినది మాత్రం వద్దు. ఆ మొక్కలు నీళ్లలోని సీసం, క్యాడ్మియం వంటివాటిని పీల్చుకుంటాయి.

ఫార్మసీ_కుర్రాడు
మా తాతగారికి పార్కిన్సన్ (వణుకు జబ్బు). ఎవరో దూలగొండి గింజల పొడి ఇమ్మన్నారు. నిజంగా పనిచేస్తుందా?

రసాయనం_మాస్టారు
పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. దూలగొండి గింజలో ఉన్నది ఎల్-డోపా, మెదడులో డోపమిన్‌గా మారే పదార్థం. దాన్ని 1937లో మద్రాసులోనే దామోదరన్, రామస్వామి విడదీశారు. ఆ జబ్బుకు సాధారణంగా ఇచ్చే బిళ్లలో ఉన్నదీ అదే. బిళ్ల మీద పొడి కూడా ఇస్తే మోతాదు మించిపోతుంది, చేతులు కాళ్లు వాటంతట అవే మెలికలు తిరగవచ్చు, భ్రమలు రావచ్చు. డాక్టరుకు చెప్పకుండా ఒక్క చిటికె కూడా ఇవ్వవద్దు.

ఏటిగట్టు_వాసి
మాస్టారు చెప్పినట్టు పిప్పి వెతికాను. కొబ్బరి చెట్టు మొదట్లో పోసి ఉంది. కర్రతో కదిపి, తెల్ల కాగితం మీద పరిచి చూశాను. మామిడి, రేగు ఆకులు గుర్తుపట్టాను. వాటి నడుమ ముళ్లున్న కాయ చెక్క ఒకటి, దాని చుట్టూ గింజలు బోలెడు కనిపించాయి. మొదట మిరప గింజలనుకున్నాను. మా ఇంటి ఎండుమిరప విరిచి పక్కన పెట్టాను. మిరప గింజ గుండ్రంగా, పలుచగా, లేత పసుపుగా ఉంది. ఇది మందంగా, చెవి ఆకారంలో, గోధుమ పసుపులో, అంచున రెండు గట్లు కట్టి ఉంది. ఫోటో పంపితే మాస్టారు, పల్లె వైద్యుడు గారు ఇద్దరూ ఉమ్మెత్త గింజ అన్నారు.

కాయ ఎక్కడిదో కూడా తేలింది. పాలవెల్లికి వెలగకాయ, మొక్కజొన్న పొత్తు కడుతూ పిల్లలు గట్టు మీది ఉమ్మెత్త కాయను కూడా అందంగా ఉందని కట్టారు. అదీ దేవుడిదే కదా అని మా మేనత్త పత్రితో పాటు చితక్కొట్టి వేశారట. గన్నేరు కొమ్మ మాత్రం పూలతో సహా మందిరం గుమ్మానికి గుచ్చి ఉండడం వల్ల ఆ గిన్నెలోకి రాలేదు. ఎండిన ఆ కొమ్మను చూస్తే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

ఇంట్లో వాదన ఇలా తెగింది. కాగితం మీది గింజలను, మిరప గింజలను పక్కపక్కన పెట్టి మా మేనత్తకే చూపించాను. చాలాసేపు చూశారు. "దేవుడికి పెట్టమన్నారు, నన్ను తాగమని ఎవరన్నారు" అని ఆవిడే అన్నారు.

నర్సమ్మ_రాజోలు
ఆ గింజలను పిల్లలకు అందకుండా లోతుగా పాతిపెట్టండి. ఎవరికైనా ఇలా జరిగితే వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగించకండి, తిన్న దానిలో మిగిలినది పొట్లం కట్టి మనిషితో పాటు ఆసుపత్రికి తీసుకురండి. ఆవిడకు వచ్చిన ఆ సందేశం మా బంధువుల గుంపులోనూ నిన్న తిరిగింది.

ఏటిగట్టు_వాసి
మా గుంపులోనూ ఇంకా తిరుగుతోంది. నేను రాసిన జవాబును ఎవరూ పట్టించుకోలేదు. నిన్న రాత్రి మా మేనత్త తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టారు. "నేను తాగాను, రెండు రోజులు నా పేరు నాకు తెలియలేదు, మీరు తాగకండి" అన్నారు, అంతే. పొద్దుటికి ఇద్దరు వదినలు ఫోను చేసి, ఆరబెట్టిన పత్రిని కాలువలో కలిపేశామని చెప్పారు.

గోదారి_గాలి
ఆవిడ ఒప్పుకుంటే ఆ గొంతును మా ఊరి గుంపులోకి కూడా పంపగలరా?

ఏటిగట్టు_వాసి
అడిగాను. పంపమన్నారు.